అచ్చు లేని వరుస

బెంగుళూరు
18 జనవరి 1963

హనుమక్కకు,

దసరాకు వచ్చినప్పుడు నీకిచ్చిన రెండు గాజుగొట్టాలు బతికే ఉన్నాయా? ఒకదానిలో ఉన్నది మన ఉరవకొండ చేని మట్టిలోంచి నేను వేరుచేసిన క్రిమి. రెండోది ఎవరికీ హాని చేయని పసుపురంగు క్రిమి. మొదటిది తయారుచేసే మందుకు రెండోది చచ్చిపోతుంది. నీ బడిలో ఆడపిల్లలకు సైన్సు పాఠంలో చూపిస్తానని తీసుకున్నావు. చూపించావా, అలమరలో పెట్టి మరిచిపోయావా?

నాకిక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆ క్రిమి చేసే మందు పది అమైనో ఆమ్లాలు గొలుసుగా కలిసిన చిన్న ఉంగరం. ఏ అమైనో ఆమ్లం తర్వాత ఏది రావాలో ఎవరు ఎన్నుకుంటారన్నదే నా పరిశోధన. క్రిములను చితక్కొట్టి, ఆ రసాన్ని అతివేగంగా తిప్పి, ప్రోటీన్లను నేసే రైబోజోములన్నిటినీ అడుక్కి దించేశాను. పైన మిగిలిన తేట నీళ్ళలో అమైనో ఆమ్లాలు, శక్తికి ఏటీపీ కలిపితే మందు తయారైంది. రైబోజోము లేకుండానే. మళ్ళీ మళ్ళీ చేశాను, మళ్ళీ మళ్ళీ అదే.

మా ఆచార్యులు తిప్పేస్వామి గారిది బళ్ళారి వైపు. కోపం వస్తే ఇంగ్లీషు వదిలేసి మన మాటల్లోకి దిగుతారు. నిన్న దిగారు.

"ఏమమ్మా, అచ్చు లేకుండా ఇటుక వస్తాదా? వరుస యాడ రాసి ఉండాది?"

"ఎంజైములోనే ఉండాది సార్. ఏది పట్టుకోవల్లనో దానికే తెలుసు."

"నీ నీళ్ళల్లో రైబోజోములు మిగిలి ఉండాయి. అట్లే రాయి."

"మిగల్లేదు సార్. చూసినాను."

"నువ్వు చూసింది నేను నమ్మల్ల కదా."

ఆ అధ్యాయం మార్చి రాస్తేనే నా పరిశోధన గ్రంథం మీద సంతకం పెడతారట. మార్చను. నువ్వేమంటావో రాయి.

నీ
రసూల్‌బీ

*

అనంతపురం
6 ఫిబ్రవరి 1963

రసూలూ,

నన్నడిగావు కాబట్టి చెబుతున్నాను. మార్చు.

కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు. ఉరవకొండలో పరుపులు కుట్టే ఇమాం హుస్సేన్ కూతురు బెంగుళూరులో పరిశోధన చేస్తోందంటే నాలాంటి వాళ్ళం ఎంతమందిమి తలెత్తుకుని తిరుగుతున్నామో నీకు తెలియదు. ఆ పెద్దమనిషి సంతకం పెట్టకపోతే నీ ఇన్నేళ్ళ కష్టం ఏమవుతుంది? "మిగిలి ఉండవచ్చు" అని ఒక్క మాట రాసేయ్. డిగ్రీ చేతికొచ్చాక నీ సొంత ప్రయోగశాలలో నిజం చెప్పుకో. వంగిన చెట్టు గాలికి విరగదు.

ఇక్కడ సంగతులు మామూలే. ఎండలు అప్పుడే మొదలయ్యాయి. కుళాయి రోజు విడిచి రోజు వస్తోంది. మా ఆయన గురప్ప గారికి తాలూకా ఆఫీసులో కరువు పనుల లెక్కలతో తీరిక లేదు. మా అత్త రామాంజినమ్మ రోజూ ఆకాశానికేసి చూసి తిట్టి లోపలికి వస్తుంది.

క్రిములు బతికే ఉన్నాయి. పిల్లలకు చూపించాను. అంతకన్నా చెప్పడానికేమీ లేదు.

హనుమంతమ్మ

*

బెంగుళూరు
2 మార్చి 1963

అక్కా,

చివరిదాకా చదివాను. కోపం కూడా వచ్చింది.

"మిగిలి ఉండవచ్చు" అన్నది ఒక్క మాట కాదు. అది రాస్తే నా ఫలితమంతా రద్దు. ఎందుకో నీకు పాఠంలా చెబుతాను, నీ పిల్లలకు చెప్పుకుందువు గాని.

మామూలు ప్రోటీను తయారయ్యేటప్పుడు వరుస కేంద్రకామ్లంలో రాసి ఉంటుంది. రైబోజోము ఆ రాత చదివి ఒక్కో అమైనో ఆమ్లాన్ని తగిలిస్తుంది. ఆచార్యుల అచ్చు అదే. ప్రోటీన్ల విషయంలో ఆయన చెప్పేది నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ మన క్రిమి చేసే ఉంగరంలో ఒక అమైనో ఆమ్లం తిరగేసిన రూపంలో ఉంది. ఎడమకాలి చెప్పు, కుడికాలి చెప్పు అంటాం చూడు, అలా అన్నీ ఒక వాటం, ఇదొక్కటే రెండో వాటం. రైబోజోము అటువంటిదాన్ని ముట్టినట్టు ఎవరూ చూడలేదు. మరి దాన్ని ఎవరు తెచ్చి అక్కడ పెట్టారు?

నేననేది ఇదీ. ఆ పెద్ద ఎంజైము మీద వరుసగా కొన్ని చోట్లున్నాయి. ఒక్కో చోటు ఒక్కో ఆకారపు గుంత. ఏ అమైనో ఆమ్లం ఆ గుంతలో కుదురుకుంటుందో అదే అక్కడ అతుక్కుంటుంది. మిగతావి వచ్చి తాకి వెళ్ళిపోతాయి. చోట్ల వరుసే గొలుసు వరుస. రాసిపెట్టిన కాగితం వేరే అక్కర్లేదు.

అది తప్పని ఎవరైనా ప్రయోగం చేసి చూపిస్తే ఆ రోజే చింపి పారేస్తాను. కుర్చీలో కూర్చుని చెబితే మాత్రం చింపను. ఆచార్యులు ఇప్పుడు కొత్త మాట పట్టుకున్నారు. "నీ చేతుల్లోనే ఇది వస్తాండాది. ఇంగొకరి చేతుల్లో రానీ చూద్దాం" అని. పక్క బల్ల వెంకటరాముణ్ణి ఒకసారి చేసి చూడమని అడిగాను. ఆచార్యులకు తెలిస్తే తన బతుకు ఏమవుతుందని తల దించుకున్నాడు. అతణ్ణి ఏమీ అనలేను.

గాలికి వంగే చెట్ల సంగతి నాకు తెలియదు. మన వైపు చెట్లేవి, వంగడానికి?

రసూల్‌బీ

*

అనంతపురం
11 జూన్ 1963

రసూలూ,

ఇన్నాళ్ళూ నీ ఉత్తరాలకు పొడిపొడిగా జవాబిచ్చాను. కారణం ఇప్పుడు చెబుతున్నాను.

"ఇంగొకరి చేతుల్లో రానీ" అన్న మాట చదివిన రోజే బడిలో నా సైన్సు గదిలో మొదలుపెట్టాను. నీకు అతివేగపు యంత్రం ఉంది, నాకు లేదు. కానీ రైబోజోముల పని ఆపడానికి యంత్రమే ఎందుకు? టైఫాయిడ్ జ్వరానికి ఇచ్చే క్లోరాంఫెనికాల్ క్రిములలో రైబోజోముల పనినే ఆపుతుందని నువ్వే ఒకసారి చెప్పావు. అది మందుల అంగట్లో కాప్సూళ్ళుగా దొరుకుతుంది. క్రిమి పెరిగే కుండలో అది వేస్తే ప్రోటీన్లు ఆగిపోతాయి. అప్పుడు కూడా మన మందు తయారైతే నువ్వన్నదే నిజం.

మందుల అంగడి కుళ్ళాయప్ప నాలుగోసారి పోయేసరికి అడిగేశాడు. "ఏమ్మా, మీ ఇంట్లో అందరికీ టైఫాయిడేనా? మీరు జూస్తే గట్టిగానే ఉండారే."

క్రిమికి మేత, నూనె తీయగా మిగిలే వేరుశనగ చెక్క ఉడికించిన నీళ్ళు. వెచ్చదనానికి వేరే పెట్టె అక్కర్లేదు, అనంతపురం ఎండే చాలు. కాప్సూలు మందే పసుపు క్రిమిని చంపి మనల్ని మోసం చేయకుండా, ఆమ్లం చుక్క వేసి క్రిములను అడుక్కి దించి, బాగా కడిగి, ఆ తర్వాతే ఆల్కహాలుతో మందు పిండాను. ఒట్టి కాప్సూలు నీళ్ళకు కూడా అదే కడుగుడు చేసి, ఏమీ మిగలడం లేదని చూసుకున్నాను. మా అత్త మాత్రం, "తాగేదానికి నీళ్ళు లేకుంటే పురుగులకు స్నానాలు చేయిస్తాండావా" అంది.

ఇప్పుడు అసలు మాట. కాప్సూలు వేయని కుండలోంచి తీసిన మందు గాజు పలక మీది పసుపు క్రిమి పొర మధ్య రూపాయి బిళ్ళంత ఖాళీ చేసింది. కాప్సూలు వేసిన కుండది ఏమీ చేయలేదు. చుక్కంత ఖాళీ కూడా లేదు. మూడు వారాలుగా ఇదే.

అంటే రైబోజోము ఆగితే మందు ఆగింది. మీ ఆచార్యులన్నదే నిజమని నా కుండలు చెబుతున్నాయి. నీకు నచ్చదని తెలుసు. చూసింది చూసినట్టు రాయకుండా ఉండలేకపోయాను.

హనుమంతమ్మ

*

బెంగుళూరు
17 జూన్ 1963

హనుమంతమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. కరెంటు సరిగా లేని బడి గదిలో, చెక్క నీళ్ళతో, వంటింటి పాత్రల్లో చేసిన ప్రయోగానికి నేను జవాబు చెప్పాలా? మీ కాప్సూలు క్రిమిని సగం చంపి ఉంటుంది. కడిగేటప్పుడు మందు కూడా పోయి ఉంటుంది. గాజు సామాను శుభ్రంగా ఉందో లేదో దేవుడికే తెలియాలి.

వంగమని మీరు మొదటే చెప్పారు. ఇప్పుడు వంచడానికి చేయీ కలిపారు.

రసూల్‌బీ

*

అనంతపురం
24 జూన్ 1963

రసూల్‌బీకి,

"గారు" అన్నావు. సంతోషం.

నీ ఉత్తరంలో "ఉంటుంది" అన్న మాట రెండుసార్లు ఉంది. నువ్వు రాయనని భీష్మించిన "మిగిలి ఉండవచ్చు" కన్నా అదేమంత గొప్ప మాట? మీ ఆచార్యులు నీ తేట నీళ్ళను మురికి అన్నాడు. నువ్వు నా కుండలను మురికి అన్నావు. ఆయనకైనా కుర్చీ ఉంది. నీకేముంది?

నా గాజు సామాను నేను బూడిదతో తోమి, కాచిన నీళ్ళతో కడిగి, ఎండలో బోర్లిస్తాను. వాటిని అనుమానించే హక్కు వచ్చి చూసినవాళ్ళకే ఉంటుంది. కుర్చీలో కూర్చుని చెబితే వినను. ఈ మాట నీ దగ్గరే నేర్చుకున్నాను.

ఆపడం లేదు. నీకోసమూ కాదు, మీ ఆచార్యుల కోసమూ కాదు. నాకే తెలుసుకోవాలని ఉంది.

హనుమంతమ్మ

*

అనంతపురం
19 ఆగస్టు 1963

రసూలూ,

నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. అయినా రాస్తున్నాను. ఇది కోపతాపాలకన్నా పెద్ద సంగతి.

పోయిన వారం ఊరికి నీళ్ళు బొత్తిగా ఆగిపోయాయి. మామూలుగా నేను పొద్దున్నే క్రిమిని మేతలో వేసి, మేత మసకబారడం మొదలవగానే కాప్సూలు కలిపి తరగతికి పోతాను. ఆ రోజు కడగడానికి చెంబుడు నీళ్ళు కూడా లేవు. కడగలేనప్పుడు కాప్సూలు వేసి లాభమేమిటని ఊరుకున్నాను. మర్నాడు ట్యాంకరు వచ్చేసరికి క్రిమి కుండంతా పెరిగి మజ్జిగలా తెల్లబడింది. పారబోయాలంటే మనసొప్పలేదు. సగం తీసి అప్పటికప్పుడు మందు పిండి పెట్టుకున్నాను. మిగతా సగంలో కాప్సూలు వేసి, సాయంత్రం దాకా ఉంచి, ఎప్పటిలా బాగా కడిగి, అప్పుడు పిండాను.

పొద్దుటి సగం చేసిన ఖాళీ పావలా బిళ్ళంత. కాప్సూలు పడ్డ సాయంత్రపు సగం చేసిన ఖాళీ రూపాయి బిళ్ళకన్నా పెద్దది.

పొరపాటనుకున్నాను. మళ్ళీ చేశాను. ముందుగా వేస్తే మందు పుట్టదు. ఆలస్యంగా వేస్తే క్రిమి ఇక పెరగదు, కానీ మందు మాత్రం తయారవుతూనే ఉంటుంది. ఇదేమిటని రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు సద్ది కలుపుతూ ఉంటే తోచింది. మందును చేసే ఎంజైము కూడా ఒక ప్రోటీనే కదా. దాన్ని చేయడానికి రైబోజోము కావాలి. ఎంజైము పుట్టకముందే నేను రైబోజోమును ఆపేస్తే మందెక్కణ్ణుంచి వస్తుంది? ఎంజైము పుట్టాక ఆపితే దానికి రైబోజోముతో పనేముంది? అది తన గుంతల్లో తనకు కావలసినవి తనే పట్టుకుంటుంది.

నా మొదటి ఫలితం అబద్ధం కాదు. నీదీ అబద్ధం కాదు. రెండూ కలిస్తేనే పూర్తి నిజం.

చూసి చెప్పు.

హనుమంతమ్మ

*

బెంగుళూరు
1 సెప్టెంబరు 1963

అక్కా, అక్కా,

నీ ఉత్తరాన్ని ప్రయోగశాల మెట్ల మీద నిలబడి చదివాను. తర్వాత కూర్చుని చదివాను. జూన్‌లో నేను రాసిన కాగితాన్ని పొయ్యిలో వేసేయ్. దానికి నేనిచ్చే సంజాయిషీ లేదు. నీ కుండల కాళ్ళకు మొక్కుతానని చెప్పు.

వెంటనే ఇక్కడ నువ్వు చేసినట్టే చేశాను. అదే వచ్చింది. తర్వాత ఇంకో అడుగు వేశాను. ఎంజైమే ఎన్నుకునేటట్టయితే దాన్ని మోసగించవచ్చు కదా. ఉంగరంలో ఫినైల్అలనిన్ అనే అమైనో ఆమ్లం ఉండే చోటుకు దాని పోలికే ఉన్న ట్రిప్టోఫాన్‌ను అందించాను. ఫినైల్అలనిన్ సమృద్ధిగా ఉన్నంతసేపూ ఎంజైము ట్రిప్టోఫాన్ వైపు చూడలేదు. దాన్ని తగ్గించి దీన్ని పెంచుతూ పోతే కొంచెం కొంచెంగా దీన్నే పట్టుకోవడం మొదలుపెట్టింది. పక్క చోటు మాత్రం మహా పట్టుదల గలది. దానికి ఎంత పోలిక ఉన్నదాన్ని ఎంత గుమ్మరించినా ముట్టలేదు. ఆ చోటు ఖాళీగా పెట్టుకుని గొలుసు నేయడమే మానేసింది.

అచ్చులో రాసి ఉండేటట్టయితే, మేత మారినంత మాత్రాన వరుస ఇలా కొద్దికొద్దిగా మారదు. ఎన్నిక గుంతలోనే జరుగుతోంది. ఒక గుంత సర్దుకుపోతుంది, ఒక గుంత సర్దుకోదు.

ముందు నాకు ఫినైల్అలనిన్ తగ్గిందని మాత్రమే తెలిసింది, ట్రిప్టోఫాన్ కనబడలేదు. ఉంగరాన్ని విడగొట్టడానికి ఆమ్లంలో ఉడికిస్తే ట్రిప్టోఫాన్ మాడిపోతుందని గుర్తొచ్చి క్షారంలో ఉడికించాను. అమైనో ఆమ్లాలను విడదీసి చూపే కాగితం మీద ట్రిప్టోఫాన్ మచ్చ దాని చోట అది నిలబడింది.

వ్యాసం రాస్తున్నాను. ఇద్దరి పేర్లతో.

నీ రసూలు

*

గుత్తి
14 అక్టోబరు 1963

రసూలూ,

వ్యాసం ప్రతి అందింది. బాగుంది. రెండో పుటలో నా కుండల వెచ్చదనం గురించి "సుమారుగా" అని రాశావు. ఎండలో పెట్టినా ఉష్ణమాపకం పెట్టే ఉంచాను, అంకెలు పంపుతున్నాను.

కాప్సూలు ఏ వేళకు వేస్తే ఎంత ఖాళీ వచ్చిందో విడిగా పట్టిక కట్టాను. అదీ పంపుతున్నాను. ఇక్కడ గాలి బాగుంది. కోట మీదికి చూస్తే ఒక్క మేఘం లేదు. ఆయన శనివారాల్లో రైలుకు వచ్చి పోతున్నారు.

హనుమంతమ్మ

*

బెంగుళూరు
3 నవంబరు 1963

అక్కా,

ఉత్తరం మీద గుత్తి అని ఎందుకుంది? ఆయన శనివారాల్లో రావడమేమిటి? పట్టిక చూసి మురిసిపోయి ముందు గమనించలేదు. వెంటనే రాయి.

ఇక్కడ తమాషా జరిగింది. ఓడలో వచ్చే విదేశీ పత్రికల కట్ట మొన్న విప్పారు. వేరే దేశంలో, వేరే క్రిమి చేసే ఇటువంటి మందు మీద పనిచేసినవాళ్ళు, ప్రోటీను తయారీని ఆపినా మందు తయారీ ఆగలేదని అచ్చు వేశారు. మనకన్నా ముందే. ఒక పూట ఏ పనీ ముట్టుకోలేదు. తర్వాత వాళ్ళ వ్యాసం మొత్తం మళ్ళీ చదువుకున్నాను. నీ వేళల పట్టిక అందులో లేదు. మన పట్టుదల గుంతా లేదు. మనం చెప్పాల్సింది మనకు మిగిలే ఉంది.

ఆచార్యులు సాయంత్రం పిలిచారు. బల్ల మీద ఆ పత్రిక. నన్ను కూర్చోమన్నారు, మొదటిసారిగా.

"నేను అప్పుడే అనుకుంటి, ఇందులో ఏమో ఉండాదని" అన్నారు.

తర్వాత పత్రికను పక్కకు జరిపారు.

"నీ వ్యాసం బాగుండాది. నా పేరు ముందర పెట్టు, నీది తర్వాత. గ్రంథం మీద రేపే సంతకం పెడతా. ఆ అనంతపురం పంతులమ్మ పేరు మాత్రం తీసేయల్ల. బడిలో, వంటపాత్రల్లో చేసినారంటే నలుగురూ నవ్వుతారు. కడపటన చిన్న అక్షరాల్లో కృతజ్ఞత చెప్పుకో, సరిపోతాది."

రైబోజోము లేదంటే నమ్మని మనిషి, విదేశంలో అచ్చయ్యేసరికి నమ్మాడు. నెలాఖరులోగా చెప్పమన్నారు. నేనేం చెబుతానో నీకు తెలుసు. అయినా నీ మాట కావాలి.

రసూలు

*

గుత్తి
12 నవంబరు 1963

రసూలూ,

ఇక దాచి లాభం లేదు. నన్ను ఇక్కడి బడికి బదిలీ చేశారు.

టైఫాయిడ్ కాప్సూళ్ళ సంగతి ఊళ్ళో పాకింది. సైన్సు పంతులమ్మ బడిలో టైఫాయిడ్ పెంచుతోందని ఒకరన్నారు. ఇద్దరు పిల్లలకు జ్వరం వచ్చేసరికి పదిమందీ అన్నారు. పెద్ద పంతులమ్మ నా గదికి తాళం వేయించింది. కుండలన్నీ బయట పోయించింది. నేను పసుపు క్రిమి ఉన్న గాజు పలకను ఆమె ముందు పెట్టి, "ఇది రోగం క్రిమి కాదు, కావాలంటే డాక్టరును పిలిపించండి" అన్నాను. "నువ్వు నాకు చెప్పొచ్చేదానివా" అంది. నెల తిరగకుండా కాగితం వచ్చింది. మా అత్తా, ఆయనా అనంతపురంలో. నేనిక్కడ రైల్వే వాళ్ళ ఇంట్లో ఒక గదిలో.

అంత గట్టిగా మాట్లాడతానని నాకే తెలియదు. నువ్వు బాధపడతావని రాయలేదు.

నీ ప్రశ్నకు జవాబు. నా పేరు తీసేయ్. మనస్ఫూర్తిగా చెబుతున్నాను. పట్టిక నిజమైతే దాని మీద ఎవరి పేరుంటే ఏమిటి? నాకు డిగ్రీ వచ్చేది లేదు, పోయేదీ లేదు. నీకు అన్నీ అందులోనే ఉన్నాయి. సంతకం పెట్టించుకో. ఇది వంగడం కాదు, నేను ఇవ్వడం. తీసుకో.

హనుమంతమ్మ

*

ఉరవకొండ
20 డిసెంబరు 1963

అక్కా,

తీసుకోలేదు.

నెలాఖరు రోజున ఆచార్యుల దగ్గరికి పోయాను. రెండు పేర్లే ఉంటాయని చెప్పాను.

"ఆమె ఎవురని ఇంత పంతం?"

"నా ఫలితం తప్పని ఉత్తరం రాసిన మనిషి సార్. తర్వాత ఎందుకు ఒప్పో కూడా ఆమే చెప్పింది. మీరు రెండూ చేయలేదు."

"సంతకం పెట్టను."

"సరే సార్."

"నువ్వు పోతే ఈ పని ఆగిపోతాది. తెలుసునా?"

"మీ దగ్గర ఆగిపోతాది."

గ్రంథం కట్ట తీసుకుని వచ్చేశాను. వరండాలో వెంకటరాముడు నా బుట్ట పట్టుకుని గేటు దాకా వచ్చాడు. వెనక్కి తిరిగేముందు, "మీ కొత్త ప్రయోగం నేనూ చేసినాను, వచ్చింది. నా పేరు రాయొద్దండి" అన్నాడు. రాయనని చెప్పాను.

ఇంటికొచ్చేసరికి నాయన పరుపులో దూది కూరుతున్నాడు.

"డిగ్రీ ఇచ్చినారా?" అన్నాడు.

"ఇయ్యలేదు నాయనా."

"నువ్వు చెప్పింది నిజమేనా?"

"నిజమే."

"మల్ల వాళ్ళ దగ్గర ఏం పని? అన్నం తిను."

తిన్నాను. ఆ తర్వాత ఏడ్చాను. అయిదేళ్ళు, అక్కా. ఏడవకుండా ఎలా ఉంటాను? కానీ ఏడుస్తున్నంతసేపూ కూడా వెనక్కి పోయి సంతకం అడగాలని ఒక్కసారీ అనిపించలేదు.

వ్యాసం మన దేశపు పత్రికకే పంపాను. పని ఎక్కడ జరిగిందో రాయాలి కాబట్టి బెంగుళూరు, అనంతపురం అని రాశాను. పేర్ల కింద చిరునామాలు మాత్రం ఉరవకొండ, గుత్తి. అనంతపురంలో ఒక కాలేజీలో ఉపన్యాసకుల పనికి ఎమ్మెస్సీ చాలునట. దరఖాస్తు పెట్టాను.

నువ్వు ఇచ్చావు, నేను తీసుకోలేదు. కోపం తెచ్చుకో, పరవాలేదు.

నీ రసూలు

*

గుత్తి
9 జూలై 1964

రసూలూ,

కోపం ఎప్పుడో పోయింది. నువ్వు అనంతపురంలో పనిలో చేరావని మా ఆయన చెప్పారు. వ్యాసం అచ్చయిన పత్రిక నిన్న చేరింది. రెండు పేర్లూ చూశాను. పక్కింటి గార్డు గారి భార్యను పిలిచి చూపించాను. ఆమెకు ఇంగ్లీషు రాదు. నా పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తే, "గుత్తి అని కూడా రాసి ఉండాదా" అని అడిగి, ఉందంటే సంతోషించింది.

ఇంకో సంగతి. పోయిన వారం పై ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. నన్ను అనంతపురం బడికి తిరిగి పంపిస్తారట. బడిలో క్రిములు పెంచడం నా తప్పేనని, ఇకముందు పాఠ్యపుస్తకం దాటి ఏ ప్రయోగమూ చేయనని కాగితం రాసివ్వాలి. అధికారి మంచి మనిషే. "ఒక్క మాట రాసేయమ్మా, ఇంటికి పోతావు" అన్నాడు. ఒకప్పుడు నీకు నేను చెప్పిన మాటే. నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో, వేరేవాళ్ళ నోట వింటే తెలిసింది.

రాయలేదు. అది తప్పు కాదనీ, ఎవరికీ హాని జరగలేదనీ, ఇక్కడి బడిలో కూడా చేయబోతున్నాననీ రాసిచ్చాను. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "అయితే గుత్తిలోనే ఉంటావు" అన్నాడు. ఉంటానన్నాను.

మా అత్త ఇక్కడికి వచ్చి ఉంటోంది. కొడుకు వంట తనే చేసుకుంటాడులే అని తెగేసి చెప్పి రైలెక్కిందట. రాత్రి అన్నాల దగ్గర మన వ్యాసంలో ఏముందో చెప్పమంది. గుంతల సంగతి, పట్టుదల చోటు సంగతి, సర్దుకుపోయే చోటు సంగతి అంతా చెప్పాను. శ్రద్ధగా విని, ముద్ద చేతిలో పట్టుకుని అడిగింది.

"సర్దుకొని పొయ్యేది ఉండాదే, అది పొరపాటున తప్పుదాన్ని పట్టుకున్యాదనుకో. ఆ మీదట తెలుసుకొని ఇడిచిపెడ్తాదా? లేకుంటే పట్టుకున్యాం కదా అని అట్లే మోస్తాదా?"

నాకు తెలియదన్నాను. రసూలుకు తెలుసా అంది. దానికీ తెలియదు, నాకు తెలిసి ఇంకా ఎవరూ కనుక్కోలేదు అన్నాను.

"అయితే కనుక్కోండి" అంది, ముద్ద నోట్లో పెట్టుకుని.

ఎలా మొదలుపెట్టాలో ఆలోచించి రాయి. నేనూ ఆలోచిస్తున్నాను.

నీ
హనుమక్క